ఏడుపు మీద మైకు ఆపకూడదు

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నా పనే అలాంటిది మరి. పద్దెనిమిదేళ్లుగా సినిమాల్లో దయ్యాలకు అరుపులూ ఏడుపులూ ఇస్తున్నాను. తెర మీద దయ్యం కేక పెడితే జనం చెవులు మూసుకుంటారు. ఆ కేక పెట్టే వేళకు నా బుగ్గలో అల్లం మురబ్బా ముక్క ఉంటుంది, గొంతు పట్టకుండా.

మాది రహమత్ నగర్. నా చదువు మూడో తరగతితో ఆగింది. డైలాగు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పేస్తాను. అందుకే పోయిన ఎండాకాలం జరిగింది కూడా నాకు ముక్క ముక్కగా గుర్తుంది.

ఎండాకాలం సెలవుల్లో దయ్యం సినిమాలు బాగా ఆడుతున్నాయని అందరూ అప్పుడే రిలీజులు పెట్టుకుంటున్నారు. దాంతో శివరాత్రి దాటితే ఫిల్మ్ నగర్ సందుల్లోని డబ్బింగ్ థియేటర్లలో మాకు చేతినిండా పని. నేనూ నా ఆడపడుచు మంజులా కలిసే వెళ్తాం. ఇంట్లో పొయ్యి దగ్గర ఎన్ని తగవులు పడ్డా మైకు ముందు ఇద్దరిదీ ఒకటే గొంతు.

మంజుల నవ్వు గురించి చెప్పాలి. గలగలమని మొదలవుతుంది, ఎంతకీ ఆగదు, చివరికి ఊపిరి అందక ఒక చిన్న ఎక్కిలి వస్తుంది. ఆ ఎక్కిలి విని, మంజుల ఏ ఇంట్లో కూర్చుందో గల్లీలో ఎవరైనా చెప్పేసేవారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. శవం మీద ఏడ్చిన రోజు, ఏడుపు మీద మైకు ఆపకూడదు. ఆఖరున అందరం మైకు ముందు నవ్వాలి. సౌండ్ ఇంజనీరు ఆ నవ్వును కూడా రికార్డు చేసి, వెంటనే చెరిపేస్తాడు. శవంగా పడుకున్న నటుడు షాటు అయ్యాక లేచి కెమెరా వైపు చూసి నవ్వుతాడు కదా, ఇదీ అలాంటిదే. మాకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన అలవాటు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లినట్టు, ఆలోచించకుండా చేసేవాళ్లం.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలైంది. సినిమా రిలీజుకు రెండు వారాలు కూడా లేదు. చచ్చిపోయిన కూతురి మీద తల్లి పడి ఏడవాలి. తల్లి ఏడుపు మంజులది, చుట్టూ ఉన్న ఆడవాళ్ల ఏడుపు నాది. ఏడు టేకులయ్యాయి. ఏడోదానికి మంజుల ఎలా ఏడ్చిందంటే, అద్దం అవతల ఇంజనీరు కిరణ్ గారు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

"ఓకే అక్కా, అయిపోయింది. బయట ఇంకో బ్యాచ్ వెయిటింగండీ" అంటూ ఆయన మైకు ఆపేశారు.

"సారూ, జర ఆగుండ్రి. ఒక్క నవ్వు నవ్వి పోతం" అంది మంజుల.

"ఇది హారర్ సినిమా అక్కా. నవ్వు ఎక్కడ పెట్టమంటారు?"

"మీ మొగం మీద పెట్టుకోండ్రి సారూ, ఎప్పుడు జూసినా గంటు పెట్టుకొనే ఉంటరు!"

అందరం నవ్వాం. కానీ మైకు ఆగిపోయే ఉంది. మంజుల కదలలేదు. నేనే చెయ్యి పట్టి లాగాను. "ఇప్పుడు నవ్వినవు గద, సాలు తియ్. నల్లా నీళ్లొచ్చే టైమైంది, నడువు" అన్నాను.

ఆ మాట అన్నది నేను. అది మాత్రం మరిచిపోలేను.

మర్నాడు పొద్దున మంజుల నిద్ర లేచేసరికి గొంతు లేదు. బొంగురు పోవడం కాదు, గుసగుస కూడా రాలేదు. ఉప్పునీళ్లు, మిరియాల పాలు, ఆవిరి, అన్నీ చేశాం. గొంతు డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, అంతా బాగానే ఉందమ్మా, విశ్రాంతి ఇవ్వండి అన్నాడు. బతుకంతా గొంతు మీదే నడిచే మనిషి. మా ఇద్దరికీ రాయడం అంతంత మాత్రం. అవునంటే స్టీలు గ్లాసు నేలకేసి ఒకసారి కొట్టేది, కాదంటే రెండుసార్లు. "నా మీద కోపమా?" అని అడిగితే రెండుసార్లు కొట్టింది. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

పది రోజులయ్యాక ఫిల్మ్ నగర్ వెళ్లి కిరణ్ గారి ముందు నిలబడ్డాను. "ఆ ఏడుపు ఎనక ఒక్క నవ్వు పెట్టుండ్రి సారూ, మల్ల చెరిపేయుండ్రి" అన్నాను. ఆయన ఎగతాళి చేయలేదు. కానీ సినిమా చేయి దాటిపోయిందన్నారు.

సినిమా శుక్రవారం వచ్చింది. మంజుల రానని గ్లాసు రెండుసార్లు కొట్టింది. నేను ఒక్కదాన్నే ఉదయం ఆటకు వెళ్లాను. ఇంటర్వెల్ తర్వాత ఆ సీను వచ్చింది. మంజుల గొంతు వినగానే కుర్చీ అంచుకు జరిగాను. ఏడుపు ఆగి, తెర నల్లబడింది. హాలంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఎవరో నవ్వారు.

గలగలమని మొదలై, సాగి సాగి, చివర ఎక్కిలి. నా పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ నా వైపు తిరిగి, "గిప్పుడు నవ్వుతరా ఎవ్వరన్న? ఎవరమ్మా గామె?" అంది. అంటే ఆమె కూడా విన్నది.

నేను లేచి బయటికి పరుగెత్తాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. మంజుల ఫోను.

"వదినా, గొంతొచ్చింది" అంది.

ఎప్పుడు వచ్చిందని అడిగాను. "గిప్పుడే. బియ్యం ఏరుతున్న. గొంతుల నుంచి ఏదో లేసి పోయినట్టైంది" అంది. మెట్ల పైన గోడ గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

మర్నాడు ఇద్దరం కలిసి అదే హాల్లో అదే సినిమా చూశాం. అక్కడ నవ్వు లేదు. కిరణ్ గారు ట్రాకంతా వెతికారు, లేదన్నారు. నెలన్నరకు సినిమా ఓటీటీలో ఇళ్లలోకి వచ్చింది. మా టీవీలో ఆ చోటు నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాం. ఏడుపు, ఆ తర్వాత నిశ్శబ్దం, అంతే.

మంజుల మాట్లాడుతుంది, తిడుతుంది, మైకు ముందు ఎప్పటిలాగే కేకలు పెడుతుంది. కానీ ఆ రోజు నుంచి నవ్వు లేదు. నవ్వొచ్చే మాట వింటే నోరు తెరుచుకుంటుంది, భుజాలు ఊగుతాయి, శబ్దం మాత్రం రాదు. హాల్లో ఎవరో నిజంగానే నవ్వి ఉండొచ్చు. విశ్రాంతితోనే గొంతు వచ్చి ఉండొచ్చు. ఈ మాటలు నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

ఈ ఎండాకాలానికి రాబోయే దయ్యం సినిమా పని మొన్ననే చేశాం. మళ్లీ శవం మీద ఏడుపే. పట్టపగలు, పదకొండు గంటలు. ఏడుపు కాగానే కిరణ్ గారే, "నవ్వండక్కా, మైకు ఆన్‌లోనే ఉంది" అన్నారు. మంజుల పెదవులు బిగించి నా పక్కన నిలబడింది. నేను ఒక్కదాన్నే నవ్వాను. నా నవ్వుకు ఎక్కిలి రాదు.

అద్దం అవతల ఆయన మొహం వెలిగింది. "మంజులక్కా, మీ నవ్వు విని ఏడాదైంది! ఆ చివర్లో ఎక్కిలి భలే పడింది" అన్నారు.

మంజుల నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"సారూ, చెరపకుండ్రి!" అని అరుస్తూ నేను తలుపు తోసుకుని వెళ్లేలోపు, అలవాటు చొప్పున ఆయన చెరిపేశారు. మళ్లీ తెప్పించడానికి సాయంత్రం దాకా చూశారు. రాలేదు.

ఆయన చెవిలో పడింది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. దీన్ని ఏమనాలో కూడా నాకు తెలియదు.

దారంతా మంజుల మాట్లాడలేదు. అలిసిపోయిందనుకున్నాను. ఇంటికి వచ్చాక మంచినీళ్లు ఇచ్చి, "బాగనే ఉన్నవా?" అని అడిగాను.

నీళ్లు తాగి, గ్లాసు నేలకేసి రెండుసార్లు కొట్టింది.