మూడు రోజులు ఆగమన్నది నేనే

ఆదివారం షార్జా నుంచి అబుదాబి దగ్గరి ముసఫ్ఫా వెళ్ళాలనుకునేవాళ్ళు పెందలాడే లేచి లాభం లేదు, దుబాయ్ మెట్రో ఎనిమిదింటికి గానీ తెరవరు. ఆ సంగతి తెలిసీ ఆరింటికే తయారై కూర్చున్నాను. నిద్ర పడితే కదా! నెల రోజులుగా గంగన్న నా ఫోన్ ఎత్తడం లేదు. ఎదురుగా నిలబడి ఒక నిజం చెప్పి రావాలి, నా ప్రయాణం అందుకే.

గంగన్నది ఆర్మూరు వైపు పల్లె, నాది ప్రొద్దుటూరు. కరోనా రోజుల్లో షార్జాలోని అల్ నహ్దాలో ఆరుగురం ఒకే గదిలో ఇరుక్కుపోయాం. అంతకుముందు ఉన్నవాళ్ళెవరో వదిలేసిపోయిన హార్డ్‌డిస్క్‌లో ఒక ఇంగ్లీషు కామెడీ సీరియల్ దొరికింది. లండన్‌లో కొందరు స్నేహితులు, వాళ్ళ ప్రేమలు, అలకలు, విడిపోవడాలు. వీసా కాగితాలు నింపే టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తాను గనక ఇంగ్లీషు నాకొచ్చని పేరు. మాట మాటకీ తెలుగు చెప్పేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, సగం నాకే అర్థమయ్యేది కాదు. సీరియల్లో జనం నవ్వినప్పుడల్లా ఏదో ఒకటి కల్పించి గదిని నవ్వించేవాణ్ణి. గంగన్న అన్నీ నమ్మేవాడు. నమ్మడమే కాదు, గుర్తుపెట్టుకునేవాడు.

ఎనిమిదిన్నరకు స్టేడియం స్టేషన్‌లో మెట్రో ఎక్కి, బుర్జుమాన్‌లో మారి, జాఫిలియా బస్టాండ్ చేరాను. అక్కడినుంచి ముసఫ్ఫాలోని షాబియాకు నేరుగా బస్సుంది. బస్సు కార్డులో ఇరవై అయిదు దిర్హాములు ఉంటే చాలు. పదింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో దానిమ్మపళ్ళ సంచి.

పక్కన కూర్చున్న జగిత్యాల మేస్త్రీ సంచీ వంక చూసి అడిగాడు.

“ఎవలకన్న పానం బాగలేదా?”

“స్నేహితుడికి. నా వల్లనే బాగలేదు.”

“అయితే పండ్లేం జేస్తయే? కాళ్ళు పట్టుకో, ఖలాస్.”

నవ్వి, సంచీని దగ్గరికి లాక్కున్నాను.

లాక్‌డౌన్ ఎత్తేశాక గంగన్న ముసఫ్ఫాలో వెల్డింగ్ పనికి వెళ్ళిపోయాడు. అక్కడ క్లినిక్‌లో క్లీనింగ్ చేసే సునీత పరిచయమైంది. ఆమెదీ ఆర్మూరు పక్కనే. పెళ్ళై, విడాకులైన మనిషి. రెండేళ్ళు ఆదివారం ఆదివారం కలిసి చాయ్ తాగారు, అంతకుమించి ఒక్క మాట లేదు. రెండు నెలల క్రితం ఆమే అడిగిందట: “మా అన్న సంబంధం తెచ్చిండు. నీ మనసుల ఏమున్నదో చెప్పు.” ఈ మహానుభావుడు ఆమెకు జవాబు చెప్పకుండా నాకు ఫోన్ చేశాడు. నేనేమో, “వెంటనే చెప్తే చులకనైపోతావ్ అన్నా! మూడు దినాలు ఆగు. సీరియల్లో వాడు జవాబియ్యకుండా ఆగితే ఆ పిల్లే వచ్చి తలుపు కొట్లేదా?” అన్నాను. గంగన్న ఆగాడు. రెండో రోజే సునీత ఇంటికి ఫోన్ చేసి, అన్న తెచ్చిన సంబంధానికి సరేనంది.

పదకొండూ ముప్పావుకు షాబియాలో దిగాను. నా నంబర్ చూస్తే గంగన్న ఎత్తడు. మేస్త్రీ ఫోన్ అడిగి చేశాను.

నా గొంతు గుర్తుపట్టాడు. “ఆడనే ఉండు,” అన్నాడు.

ఇరవై నిమిషాల్లో వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. దగ్గర్లోని మెస్‌కు తీసుకెళ్ళి నాకే ముందు పప్పు వడ్డించాడు. ముద్ద కలపకుండానే మొదలుపెట్టాను.

“అన్నా, ఒకటి చెప్పాల. పోయిన వారం ఆ సీరియల్ మళ్ళా చూసినా. ఒక్కో మాటా ఆపి, డిక్షనరీ పెట్టుకోని, చివరిదాకా. ఆ పిల్ల వాడి కోసం రాలేదు. వాడు మర్చిపోయిన కోటు తిరిగియ్యను వచ్చింది. వాడు ఊరుకున్నాడని ఇంకొకర్ని ఒప్పుకునేసింటాది. నాకు అర్థం కాక నీకు తప్పు చెప్పినా.”

గంగన్న చేయి కంచంలోనే ఆగిపోయింది.

“మరి సీరియల్ల జనమంత ఎందుకు నవ్విండ్రు?”

“వాణ్ణి చూసి.”

“మనం గూడ నవ్వినం గద భాయ్.”

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడిగాను, అందరూ చూస్తున్నా సరే. అతను నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.

“ఆగుమన్నది నువ్వు. ఆగింది నేను. రెండేండ్లు ఎదురుంగ కూసున్న, నాకు నోరు లేకుండెనా?” అని ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. పెళ్ళికి ఊరెళ్తూ శుక్రవారం విమానం ఎక్కేముందు సునీత పంపింది. వెనక ఎయిర్‌పోర్ట్ గోల. “ఒక్క మాట చెప్పకపోతివి,” అంతే. గంగన్న దాన్ని మళ్ళీ పెట్టబోయి, ఆపేశాడు.

మూడు గంటల బస్సుకు నన్ను ఎక్కించాడు. దారిలో తినమని నా పళ్ళలో సగం నాకే ఇచ్చాడు. దుబాయ్ పొలిమేరల్లో జెబెల్ అలీ దాటుతుంటే గంగన్న ఫోన్ చేశాడు.

“ఖాజా భాయ్, అన్ని భాగాలు జూసినవ్ గద. ఆఖర్ల ఆ పిల్ల మల్ల ఒస్తదా?”

పాత రోజుల్లో అయితే తెచ్చేసేవాణ్ణి. వాన కురిపించి మరీ తెచ్చేవాణ్ణి. ఆ గదిలో అందరికీ అలాగే కదా కబుర్లు చెప్పాను!

“రాదన్నా,” అన్నాను.



“మంచిది. రూమ్‌కు చేరినంక ఫోన్ జెయ్యి.”

ముసఫ్ఫాకు దారి కష్టమేమీ కాదు. బస్సు మంచిది, ఛార్జీ తక్కువ, మెస్‌లో పప్పు బాగుంటుంది. గంగన్న అక్కడికి మారాక ఇన్నేళ్ళలో నేను వెళ్ళింది ఇదే మొదటిసారి. ఆరున్నరకు అల్ నహ్దా చేరాను. తాళం తీయకుండానే, మెట్ల మీద నిలబడి గంగన్నకు ఫోన్ చేశాను.