లోపల్నుంచి తెరుచుకోని తలుపు

విమల పిరికిది. ఆ మాట ఐర్లండ్‌లో లిమరిక్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు, విమలనడిగినా చెబుతుంది. కుక్కంటే భయం, ఎస్కలేటరంటే భయం, పక్కింటికి గార్డులొచ్చినా తన ఇంటికే వచ్చారేమోనని భయం. పోలీసుల్ని అక్కడ గార్డులంటారు, పేరు ఎంత మెత్తగా ఉంటే ఏం లాభం! నలభై మూడో ఏట కారు నేర్చుకుని, మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి గట్టెక్కింది. ఇప్పటికీ రౌండెబౌట్ కనబడితే చాలు, మెళ్ళో గొలుసు పళ్ళ మధ్యకి వచ్చేస్తుంది.

ఒక్క ఇనప సామాను దగ్గరే ఆవిడకి బెదురు లేదు. మార్కాపురంలో వాళ్ళ నాన్న తిరుపతయ్యకి లారీలు బాగుచేసే షెడ్డుండేది. లారీ కింద పడుకుని ఆయన "పదో నంబరు" అని చెయ్యి చాపితే, జడ వేయించుకుంటున్న పిల్ల తల తిప్పకుండానే పదో నంబరు పానా ఆ చేతిలో పెట్టేది. భర్త పద్మనాభం సాఫ్ట్‌వేర్ మనిషి, పానా ఏ చివర పట్టుకోవాలో తెలియదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలెక్కేది విమల, స్టూలు పట్టుకునేది ఆయన.

ఆ పద్మనాభాన్ని వెంటబెట్టుకుని, ఒక శనివారం పొద్దున్నే పాత కార్ల యార్డుకి ఆవిడ ఎందుకు వెళ్ళిందంటే, అంతా సహస్ర కోసం.

సహస్ర వెనక వీధిలో ఉండే డాక్టరు అలేఖ్య కూతురు. ఐదేళ్ళది. తల్లికి ఆసుపత్రి డ్యూటీలు, తండ్రికి దూరాన లీక్స్‌లిప్ అనే ఊళ్ళో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. పిల్లని బడికి దింపడం, తేవడం, సాయంత్రం దాకా చూసుకోవడం విమల పని. పని అని పేరే గానీ, ఆ పిల్ల "ఆర్ యూ గ్రాండ్, అమ్మమ్మా?" అని ఐరిష్ యాసలో కులాసా అడిగితే విమలకి ఆ పూట అన్నం సయించేది. అలాంటిది, ఒకరోజు బడి ముందు కారు వెనక ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోలేదు. విమల కిందికి దిగి ఎవరితోనో మాటల్లో పడింది. లోపల పిల్ల పిడి లాగీ లాగీ, అద్దం మీద కొట్టీ కొట్టీ, ఏడుపు లంకించుకుంది. పిల్లలు తియ్యకుండా వేసే లాక్ కాదది, తలుపు లోపలి లాకే విరిగింది.

అలేఖ్య ఆ సాయంత్రమే వచ్చింది. "ఆంటీ, మీరేమీ అనుకోకండి. రోజూ ఆక్సిడెంట్ కేసులు చూసే దాన్ని, నాకు భయం. సోమవారం నుంచి మార్నింగ్ షిఫ్ట్. ఆ డోర్ బాగయ్యేదాకా దాన్ని ఎక్కించకండి. క్రెష్‌లో ఏదో ఒకటి చూసుకుంటాలే."

చూసుకుంటాలే అన్న మాట విమలకి చేపముల్లులా గుచ్చుకుంది. ఒకసారి క్రెష్‌లో కుదిరితే మళ్ళీ పిల్ల ఈ గుమ్మం తొక్కుతుందా? గ్యారేజీవాడేమో ఆ పాత మోడల్‌కి లాక్ జర్మనీ నుంచి రావాలి, మూడు వారాలన్నాడు. పాత కార్ల యార్డులో అయితే ఎవరికి వాళ్ళు విప్పుకోవచ్చని వాడే చెప్పాడు. శనివారం ఒంటిగంటకి మూసేస్తారు. అదే ఆఖరి అవకాశం.

గేటు దగ్గర నోయెల్ అని ఒక ఎర్రమొహం పెద్దాయన కూర్చున్నాడు. పక్కనే దూడంత కుక్క. ఆయన వేళ్ళు మడుస్తూ నియమాలు చెప్పాడు. అద్దాలు పగలగొట్టకూడదు. అక్కర్లేనిది పీకకూడదు. విప్పిన స్క్రూలు తరవాతి వాళ్ళకి వదలాలి. పని చేస్తున్నంతసేపూ ఆ కారు బానెట్ ఎత్తే ఉంచాలి. ఆ చివరిది ఎందుకో విమలకి అడగాలనిపించింది. అంతలో కుక్క లేచి ఒళ్ళు విరుచుకుంది. ఏమీ అడక్కుండా తలూపి లోపలికి నడిచింది.

లోపల అడుగు పెట్టగానే ఆగిపోయింది. మూతులు పగిలిన కార్లు, పక్కటెముకలు విరిగిన కార్లు, వరసలు వరసలుగా కళ్ళు పీకేసిన మొహాల్లా చూస్తున్నాయి. ఒక్కో దాంట్లో ఎవరెవరు కూర్చున్నారో, ఎంతమంది లేచి నడిచారో! యార్డు అటు చివర ఒక యంత్రం కార్లని అప్పడాల్లా ఒత్తుతోంది. అది మూసుకున్నప్పుడల్లా నేల అదిరేది, విమల మొగుడి చొక్కా పట్టుకునేది.

"చిరుగుతుందే" అన్నాడు పద్మనాభం.

"చిరిగితే కుడతాను, నడవండి."

వాళ్ళ మోడల్ కార్లు నాలుగు దొరికాయి. ఒకదానికి తలుపే లేదు. రెండోదాని తలుపు లోపలి అట్టని ఎవరో పెళ్ళగించి లాక్‌ని సగానికి విరిచిపోయారు. "వీడి చేతులు పడిపోను! రెండు స్క్రూలు విప్పడానికి ఓపిక లేనివాడికి పానా ఎందుకసలు?" అని విమల వాడెవడో వింటున్నట్టే తిట్టింది. మూడోది రెండు కార్ల కింద నలుగుతోంది. నాలుగోది ఎర్రది. కుడివైపంతా సొట్టపోయి పక్క కారుకి అతుక్కుపోయింది, ముందు సీట్ల నిండా ఎవరో పీకిపడేసిన బంపర్లు, తివాచీలు. ఎడమ వెనక తలుపు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ కారు దగ్గర గడ్డపు మనిషి ఒకడు అప్పటికే వంగి దీపాలు విప్పుకుంటున్నాడు. విమల నాలుగడుగుల దూరంలో ఆగి నిలబడింది. ముందొచ్చిన వాడి పని అయ్యేదాకా ఆగడం మర్యాద కదా. అతను చూసి, తన సామాను పక్కకి జరిపి, "మీరు కానివ్వండి, నాది అయిపోయింది" అన్నాడు. పోతూ పోతూ స్క్రూలు వేసుకోమని ఖాళీ పెరుగు డబ్బా కూడా ఇచ్చాడు. ఇలాంటివాళ్ళూ ఉంటారని విమల మనసు కాస్త కుదుటపడింది.

బానెట్ ఎత్తించి వెనక సీట్లో చేరింది. అట్ట ఊడదీసింది, పిడి నుంచి లాక్‌కి వెళ్ళే తీగ తప్పించింది. సీటు సందులో పిల్లల తలపిన్ను ఒకటి దొరికింది, నీలం రంగుది. విమల దాన్ని కాసేపు చూసి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసింది. ఇక తలుపు అంచున మూడు స్క్రూలు విప్పితే లాక్ చేతికొస్తుంది. తీరా చూస్తే అవి నక్షత్రం గాడి ఉన్న స్క్రూలు.

"ఏవండీ, స్టార్ బిట్ కావాలి. ఆ గేటు దగ్గరాయన్ని అడిగి తెండి. ముప్ఫై నంబరు."

"కుక్కుంది కదే అక్కడ!"

"నాకా భయం, మీకా?"

"ఇద్దరికీ" అంటూ ఆయన గొడుగు తీసుకుని వెళ్ళాడు. విమల చేతిసంచీ, అందులో ఫోనూ ఆయన భుజానే వెళ్ళాయి.

ఆయన అటు మలుపు తిరిగాడో లేదో వాన దబదబా అందుకుంది. విమల తల బయట పెట్టి చూసింది. ఎత్తిన బానెట్ కింద ఇంజను మీద నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఎవరి అవసరానికో పనికొచ్చే ఇంజను, తుప్పు పట్టిపోదూ? తరవాతి వాళ్ళని తలుచుకోమని ఆ పెద్దాయనే కదా చెప్పింది! గబగబా దిగి బానెట్ దించి, గట్టిగా నొక్కి, మళ్ళీ పరిగెత్తి వెనక సీట్లో దూరి తలుపు లాక్కుంది.

టక్కున పడింది.

పడ్డాక గుర్తొచ్చింది. లోపలి తీగ తప్పించింది తనే. పిడి లాగితే వట్టిగా ఊగింది. లోపలుండి ఆ తలుపు ఇక తెరుచుకోదు. అటు తలుపు సొట్టపోయింది, ముందుకి పాకుదామంటే బంపర్లు అడ్డం. ఆయన రాగానే బయట్నుంచి తీస్తాడులే, అని తనకి తనే పైకి చెప్పుకుంది. అద్దాలకి ఆవిరి పట్టి తెల్లగా అయిపోయాయి. సహస్ర లోపల ఎంతసేపుంది ఆవేళ? రెండు నిమిషాలా, మూడా?

అప్పుడు వినబడింది, బీప్ బీప్‌మని వెనక్కి వచ్చే బండి చప్పుడు. దగ్గరైంది. కింద ఇనుము గీసుకున్న రోత శబ్దం. కారు ఒక్క కుదుపు కుదిపి, నేల వదిలింది.

విమల పై ప్రాణాలు పైనే పోయాయి. చేత్తో ఆవిరి తుడిచి చూస్తే, పక్క కారు కప్పు కిందికి దిగిపోతోంది. దిగుతున్నది అది కాదు, పైకి లేస్తున్నది తను. ఫోర్క్‌లిఫ్ట్ రెండు ఇనప చేతులమీద కారుని ఎత్తి, తిప్పి, యార్డు చివరకి నడుస్తోంది. ఆ చివర ఏముందో ఆవిడకి తెలుసు. ఆ యంత్రం అప్పుడే మూసుకుంది, నేల అదురు ఇనప చేతుల్లోంచి సీట్లోకి, సీట్లోంచి పళ్ళలోకి పాకింది.

"ఆపండి! బాబోయ్, మనిషున్నాను!" అరిచింది. వాన హోరులో, బండి రొదలో ఆ అరుపు కలిసిపోయింది. ముందుకి వంగి బంపర్ల సందులోంచి చెయ్యి దూర్చి హారన్ నొక్కింది. బ్యాటరీ ఏనాడో పీకేశారు. కింద నడిపేవాడి తల మీద చెవులు మూసే డొప్పలున్నాయి, కారుని వాడి చూపు కన్నా ఎత్తుగా ఎత్తాడు.

ఇంతలో కింద గొడుగు కనబడింది. పద్మనాభం! ఒక చేత్తో బిట్టు పట్టుకుని, ఎత్తిన బానెట్లు వెతుక్కుంటూ వరసలో నడుస్తున్నాడు. "ఏవండీ! ఏవండీ!" రెండు అరచేతులతో అద్దం మీద బాదింది. ఆయన ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, కారు ఉండాల్సిన ఖాళీలోకి వంగి చూశాడు. పైకి మాత్రం చూడలేదు. గొడుగు వెనక్కి వెళ్ళిపోయింది.

ఒడిలో పన్నెండో నంబరు పానా ఉంది. తీసింది, ఎత్తింది, ఎత్తి ఆగింది. అద్దాలు పగలగొట్టకూడదన్నాడే! ఎవరిదో సొమ్ము. చావు ముంగిట్లో కూడా ఆ పిరికితనం వదల్లేదు. మొదటి దెబ్బ ఇంటి తలుపు తట్టినట్టు మెత్తగా కొట్టింది. అద్దం పలకలేదు. రెండో దెబ్బకీ పలకలేదు. యంత్రం నోరు తెరుచుకున్న చప్పుడు ఈసారి పక్కనే వినబడింది. విమల కళ్ళు మూసుకుని, అద్దం మూల చూసుకుని, నాన్న షెడ్డులో బిగుసుకున్న నట్టుని కొట్టినట్టు కొట్టింది.

అద్దం పటికబెల్లం ముక్కల్లా రాలి ఫోర్క్‌లిఫ్ట్ ముందద్దం మీద జలజలా పడింది. బండి నిలబడిపోయింది. కారు ముందుకీ వెనక్కీ ఊగింది. కింద ఉన్నవాడు తలెత్తి చూస్తే, తను మోసుకెళ్తున్న కారులోంచి గాజుల చెయ్యి ఒకటి పానా ఊపుతోంది.

నిండుకుండ దించినట్టు దించాడు. బయట్నుంచి తలుపు తీశాడు. యాభై ఏళ్ళ మనిషి, పేరు డెక్లన్, మొహం సున్నం కొట్టినట్టుంది. విమల కాలు కింద పెట్టి, ముందు తనే అంది: "సారీ. గ్లాస్ బ్రేక్ అయింది."

అతను ఆ బురదలోనే కూలబడ్డాడు. "సారీ నేను చెప్పాలి, మిసెస్. బానెట్ మూసుందని... మూసిన బండంటే అందరూ విప్పుకోవడం అయిపోయినట్టు మాకు గుర్తు. లోపల చూడలేదు. చూడాల్సింది."

నోయెల్ పరిగెత్తుకొచ్చాడు. బానెట్ ఎందుకు దించారని అడిగాడు. ఇంజను తడుస్తుందని, అంది విమల. ఆయన టోపీ తీసి నెత్తి తడుముకున్నాడు. "ఆ ఇంజను పద్నాలుగు నెలలుగా వానలోనే ఉంది, తల్లీ."

అప్పుడొచ్చాడు పద్మనాభం రొప్పుతూ. "ఎక్కడికి పోయావే! కారు లేదు, నువ్వు లేవు, గుండె ఆగినంత పనైంది!"

"మీ నెత్తిమీదే ఉన్నాను. పైకి చూడరేం?"

"కారు పైనెందుకుంటుందే?" అన్నాక గానీ, రాలిన అద్దం, కూలబడ్డ మనిషి ఆయన కంటికి ఆనలేదు. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

ఒంటిగంటకి ఇంకా పదిహేను నిమిషాలుంది. ఇంటికెళ్ళిపొమ్మని, ఆ లాక్ తనే విప్పించి సోమవారం ఇస్తానని నోయెల్ అన్నాడు. సోమవారమైతే ఎందుకు? అప్పటికి పిల్ల క్రెష్‌లో ఉంటుంది. విమల బిట్టు అందుకుంది. కారు లోపల మాత్రం కాలు పెట్టలేదు. వానలో మోకాళ్ళమీద కూర్చుంది, పద్మనాభం రెండు చేతులా తలుపు పట్టుకున్నాడు. ఫోర్క్‌లిఫ్ట్ అక్కడే ఉంది. ఆవిడ స్క్రూ మీద బిట్టు ఆనించి, దానివైపు చూసి, మళ్ళీ స్క్రూవైపు చూసి, చెయ్యి తిప్పలేకపోయింది. అది గమనించి డెక్లన్ వెళ్ళి, బండి తాళంచెవి తీసి తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "మీ పని అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి" అన్నాడు. ఎడమ చేతిలో ఆ తాళంచెవిని గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో మూడు స్క్రూలూ విప్పింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు తమ కారుకి లాక్ బిగించింది. బిగించాక వెనక సీట్లో కూర్చుని, "వెయ్యండి" అంది.

"పొద్దున అంత జరిగాక మళ్ళీనా? నేను కూర్చుంటాలే."

"మీరు కూర్చుంటే నాకు తెలియదు. వెయ్యండి."

ఆయన వేశాడు. టక్‌మంది. పిడి మీదికి చెయ్యి వెంటనే వెళ్ళలేదు. బయట పద్మనాభం అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాడు. చివరికి లాగింది. తలుపు తెరుచుకుంది. "మళ్ళీ వెయ్యండి" అంది. అలా తొమ్మిదిసార్లు.

సోమవారం పొద్దున సహస్ర ఎక్కింది. బయల్దేరేముందు విమల ఆ పిల్ల చేత కూడా మూడుసార్లు తలుపు తీయించింది. "అమ్మమ్మా, ఐ'ల్ బి లేట్!" అని పిల్ల విసుక్కుంది. సరేనని విమల ముందు సీట్లో కూర్చుని, తన పక్క అద్దం నాలుగు వేళ్ళ మేర దించి బండి కదిలించింది. బడి దాకా జల్లు ఒడిలో పడుతూనే ఉంది. ఆవిడ అద్దం ఎత్తలేదు.