తాయిఫ్ చలి, చిన్నమ్మ దీపం, మూడో అంతస్తు తలుపు

జెద్దాలో చలికాలమంటే ఏసీ ఆపే నెల. అందుకే తాయిఫ్ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి "కాళ్లు కొయ్యబారుతున్నయక్కా" అంటే అమ్మ ముందు నమ్మలేదు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. హీటరు వల్ల కరెంటు బిల్లు రెట్టింపయింది. మాలాంటి బయటిదేశాల కుటుంబాల మీద తలకింత చొప్పున లెవీ ఏటా పెరుగుతున్న రోజులవి. కరెంటు రేటూ పెంచారు. ఇలాంటి బిల్లు ఇంకొక్కటి వస్తే ఎగ్జిట్ వీసా కొట్టించి జగిత్యాల పంపిస్తానని చిన్నాన్న అన్నాడట. పెళ్లయ్యాక ఏడేళ్లు ఫోన్లోనే కాపురం చేసిన మనిషి చిన్నమ్మ. కలిసి ఉంటున్నది రెండేళ్లుగానే. "నువ్వు సదువుకున్నదానివి. పోయి, కరెంటు యాడికి పోతుందో చూసి రా" అని అమ్మ నన్ను నాన్నతో పంపింది. నేను చదివింది సాహిత్యం.

శుక్రవారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. మూడు కొత్త రజాయిలతో బస్సు కుదరదని కారు మాట్లాడుకున్నాం, పోనూ రానూ నాలుగు వందల రియాళ్లు. మక్కా దగ్గర ముస్లిమేతరులు చుట్టుదారి పట్టాలి. దానికి అదనంగా అరగంట వేసుకోండి. తర్వాత హదా ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ చెవులు దిబ్బళ్లు పడతాయి, గాలి చల్లబడుతుంది. పైన రోడ్డు పక్కన కోతులు బారులు తీరి కూర్చుంటాయి. నేను దిగగానే ఒకటి వచ్చి నా చేతిలో పుస్తకం లాక్కుని, రెండు పేజీలు తిప్పి పారేసింది.

"దానికి నచ్చలేదులేమ్మా," అన్నాడు డ్రైవరు మస్తాన్ భాయ్. ఆయనది కడప. "స్వెట్టర్ యాడ?"

"తేలేదు."

"సరిపోయె! జెద్దావోళ్లంతా ఇంతే. పైకి వచ్చినంక నా సీటు కవరు అడుగుతారు."

అడగలేదు గానీ, ఆలోచించాను.

పదిన్నరకి మూడో అంతస్తులో చిన్నమ్మ ఇల్లు చేరాం. చిన్నాన్న ఆసుపత్రిలో ఏసీ టెక్నీషియన్. ఇరవై ఏళ్లుగా గదులు చల్లబరిచే మనిషికి వెచ్చబరచడంలో ఒక్కరోజు అనుభవం లేదు. అయినా పట్టుదలగా పనిచేశాడు. కిటికీ ఏసీకి అట్టపెట్టె కట్టి వెండిరంగు టేపు చుట్టాడు. సందుల్లో అరబిక్ పేపర్లు కుక్కాడు. బాత్రూం ఫ్యాను రంధ్రంలో పాత దిండు దూర్చాడు.

"అన్ని మూసిన. ఇగ నా నోరొక్కటే మిగిలింది," అన్నాడు.

"గా నోరు సుత మూస్తె ఇంకింత వెచ్చగుంటది," అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

నేను నోటుపుస్తకం పట్టుకుని ప్రతి సందూ చూశాను. తప్పేమీ దొరకలేదు. రజాయి కప్పుకునే మిరియాల చారుతో అన్నం తిన్నాను.

ఐదింటికి నాన్న, చిన్నాన్న కూరగాయల మార్కెట్‌కి వెళ్లారు. ఆరు కావస్తుండగా చిన్నమ్మ ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, మెట్లవైపు తలుపు బార్లా తెరిచింది. హాలు మధ్య హీటరు పూర్తి వేడిలో ఉంది. నేను ఐదు నిమిషాలు ఓపిక పట్టాను. మా కాన్వెంటులో చప్పుడు కాకుండా తలుపు వేయడానికి మార్కులుండేవి; అందులో ఎప్పుడూ నాదే మొదటి స్థానం. లేచి తలుపు వేశాను. చిన్నమ్మ వచ్చి తెరిచింది. మళ్లీ వేశాను. మళ్లీ తెరిచింది. మూడోసారి దొరికిపోయాను.

"ఏందే బిడ్డా, పొద్దుమూకంగ తలుపేస్తవ్? లచ్చిమి ఎట్లొస్తది?"

"ఎంతసేపు తీసి ఉంచుతావు చిన్నమ్మా?"

"దీపం కొండెక్కేదాక. గంటన్నర."

"మరి హీటరు?"

"అది లేకుంటె దీపం ముంగట కూసోలేనే. సలికి కాళ్లు తిమ్మిరెక్కుతయ్."

రోజూ ఇంతేనట. చిన్నాన్న డ్యూటీ నుంచి వచ్చేది ఎనిమిదింటికి. అప్పటికి తలుపు మూసే ఉంటుంది.

సగం మూసిన తలుపు మీద ఎవరో తట్టారు. బిల్డింగ్ కాపలా చూసే కరీం చాచా. కాపలాదారుని ఇక్కడ హారిస్ అంటారు. బంగ్లాదేశ్ మనిషి. ఒక చేతిలో ప్లాస్టిక్ కుర్చీ, ఇంకో చేతిలో చాయ్ గ్లాసు.

"బేటీ, ఆజ్ దర్వాజా బంద్ క్యోం?" అన్నాడు నిష్ఠూరంగా. "పూరీ బిల్డింగ్‌మే యహీ ఏక్ గరమ్ జాగా హై." బిల్డింగ్ మొత్తానికి వెచ్చటి చోటు ఇదొక్కటేనట.

తలుపు తానే తోసి, గుమ్మం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనకే ఒక పిల్లి వచ్చి కుర్చీ కింద ముడుచుకుంది. దానికీ అలవాటున్నట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే చిన్నాన్న క్యాబేజీల సంచితో మెట్లెక్కి వచ్చాడు, వెనక నాన్న. చాచాని చూశాడు, పిల్లిని చూశాడు, లోపల దీపాన్ని, హీటరుని చూశాడు.

"నేను గోడలకు టేపులేసి సస్తున్న. నువ్వు మెట్లకు ఎండకాలం తెచ్చినవా?"

ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, "అయితే పంపుతవా నన్ను?" అంది మెల్లగా.

పొద్దున్నుంచి నేను ఒకేసారి ఇద్దరికి వినబడేలా మాట్లాడలేదు. ఇప్పుడు నలుగురున్నారు. "చిన్నమ్మా," అన్నాను, "లక్ష్మి లోపలికి వచ్చాక కూడా తలుపు తీసే ఉంచితే, ఆవిడ మళ్లీ వెళ్లిపోదా?"

అందరూ ఆలోచించారు. భాష తెలియని చాచా కూడా ఆలోచించాడు.

"గది గుడ నిజమే," అంది చిన్నమ్మ చివరికి. "రెండు నిమిషాలు తీస్తె రాదా?"

చిన్నాన్న సంచి కింద పెట్టాడు. "మూడంతస్తులెక్కాలె. లిఫ్టు సుత లేదు. ఐదు నిమిషాలియ్యి," అన్నాడు.

ఏడింటికి తిరుగు ప్రయాణమయ్యాం. తర్వాతి బిల్లు దాదాపు పాత లెక్కకి దిగిందని చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నాన్న దాన్ని దీపం పక్కన పెట్టాడట. ఎగ్జిట్ మాట మళ్లీ ఎత్తలేదట. "చాచాకు ఐదు నిమిషాలు సాల్తలెవ్వు, పాపం. ఒక రజాయి ఆయనకిచ్చిన," అంది. మేం వేడి ఊళ్ల మనుషులం. గాలిని ఇంట్లోకి ఎలా పిలవాలో తెలుసు గానీ, వెచ్చదనాన్ని ఎలా ఉండమనాలో ఎవరూ నేర్పలేదు. తాయిఫ్‌లో చలికాలం గడిపేవారికి నా సలహా ఒక్కటే: గోడలకి టేపు కొనేముందు సాయంత్రం ఆరింటికి మీ గుమ్మం బయటికి వచ్చి చూడండి. అక్కడ ఎవరైనా హాయిగా చాయ్ తాగుతూ కూర్చుని ఉంటే, ఆ మనిషి చలి కాచుకుంటున్నది మీ హీటరు దగ్గరే.