అన్న వడ్డించిన బిర్యానీ

దుబాయ్‌లో ఓ స్టార్ హోటల్ స్టాఫ్ క్యాంటీన్లో వంట చేసే మా అన్న, కూతురు పుట్టాక మొదటిసారి బొమ్మనహళ్ళి ఇంటికి వచ్చాడు. ఈ రోజు ఇంట్లోవాళ్ళకే ఓ పెళ్ళికి సరిపడా బిర్యానీ వండి, గరిటె పట్టుకుని బల్ల వెనక నిలబడ్డాడు.

"నువ్వూ కూర్చోన్నా" అన్నాను.

"మీరు తినండప్పా. ఆడ క్యాంటీన్లో వండినోళ్ళం లాస్ట్‌లోనే తినేది."

అన్న కూతురు పళ్ళెం చాచింది. ముక్క పడగానే బుద్ధిగా "థాంక్యూ అంకుల్" అంది.

అన్న నవ్వి ఇంకో ముక్క వేశాడు. తర్వాత చాలాసేపు తలెత్తలేదు.

వడ్డించినవాళ్ళకు అలా చెప్పాలని దానికి నేర్పిన మహాపండితుణ్ణి నేనే. వచ్చే వారం అన్న వెళ్ళిపోతాడు. ఆలోపు దానితో "నాన్నా" అనిపించే ఉపాయం ఉంటే చెప్పండి. చాక్లెట్లు పనిచేయలేదు.