హెర్మీనా మనుషుల్ని సర్దుకున్న సంవత్సరం

కొత్త సంవత్సరం వచ్చిందంటే హెర్మీనాకు కొత్త మనిషి అయిపోవాలని బుద్ధి పుడుతుంది. కాంపెన్ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా జనానికి కారు నడపడం నేర్పుతోంది. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎదుటివాళ్ళ తప్పును వాళ్ళకంటే ముందే పట్టేస్తుంది. తన తప్పులకు మాత్రం అలాంటి బ్రేకు ఎవరూ బిగించలేదని ఆమే ఒప్పుకుంటుంది.

ఒక జనవరిలో స్పానిష్ మొదలుపెట్టింది. ఫిబ్రవరి నాటికి “నాకు ఉల్లిపాయ వద్దు” అనడం ఒక్కటే వచ్చింది, తీరా చూస్తే ఆమెకు ఉల్లిపాయంటే ప్రాణం. ఇంకో జనవరిలో చన్నీళ్ళ స్నానమంది. రెండో రోజు నీళ్ళు గోరువెచ్చనయ్యాయి, నాలుగో రోజుకు అద్దం మీద ఆవిరి పట్టింది. ఆ పై ఏడు పడవ లాగినట్టు కూర్చుని లాగే వ్యాయామ యంత్రం కొంది. అదీ వృథా పోలేదు, దాని మీద తువ్వాళ్ళు బాగా ఆరతాయి.

మొన్న నవంబరు ఇరవై మూడున ఆమెకు అరవై నిండాయి. ఇంటి నిండా గుండ్రంగా కుర్చీలు వేసి, వచ్చిన పదకొండు మందికీ కాఫీ, తలా ఒక ముక్క కేకు ఇచ్చింది. అందరూ స్థిమితపడ్డాక, ఇక మిగిలిన జీవితం వేరేగా బతకాలనుకుంటున్నానని కాస్త గంభీరంగానే చెప్పింది. అప్పుడు అలైదా చెంచా పక్కన పెట్టింది.

“వేరేగానా? మరి ఆ యంత్రం మీద ఇప్పుడేం ఆరేస్తున్నావే? తువ్వాళ్ళేనా, దుప్పట్లు కూడానా?”

పదకొండు మందీ విరగబడి నవ్వారు. హెర్మీనా కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కనక. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. అన్నది ఊరూ పేరూ లేని మనిషైతే పోన్లే అనుకునేది. అలైదా ఆమెకు నలభై ఏళ్ళ స్నేహితురాలు. ఆరుసార్లు డ్రైవింగ్ పరీక్ష తప్పితే, ఏడోసారికి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పి గట్టెక్కించింది హెర్మీనాయే.

డిసెంబరులో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక పత్రికలో “మీకు బలం ఇవ్వని మనుషుల్ని ఈ ఏడాది వదిలించుకోండి” అన్న వాక్యం కనబడింది. హెర్మీనా అటూ ఇటూ చూసి ఆ పేజీ చింపి సంచిలో వేసుకుంది. ఇన్నేళ్ళూ తనను మార్చుకోబోయి బోల్తా పడింది. ఈసారి చుట్టూ ఉన్నవాళ్ళను మార్చేస్తే సరి, ఎంత సులువు, ఒంటికి చెమట కూడా పట్టదు.

జనవరి ఒకటో తేదీ పొద్దున్నే కొత్త పుట్టినరోజుల క్యాలెండరు ముందేసుకుని కూర్చుంది. పాతది ఇరవై నాలుగేళ్ళది. ఆ క్యాలెండరుకు సంవత్సరం ఉండదు, వారాలుండవు, ఉత్త తేదీలే. ఒకసారి పేర్లు రాసుకుంటే గోడ ఉన్నన్నాళ్ళూ పనికొస్తుంది. అందులో డెబ్బై మూడు పేర్లున్నాయి, సగం ఆమె భర్త హార్మ్ చేతిరాత. తనను గడిచిన ఏడాదిలో నొప్పించినవాళ్ళ పేర్లు కొత్తదాంట్లోకి ఎక్కించకూడదు, అదీ నియమం. మొట్టమొదట హార్మ్ పేరే రాసింది. ఆయన పోయి ఆరేళ్ళయింది, కాబట్టి గత ఏడాది ఆమెను ఒక్కసారి కూడా నొప్పించలేదు. జనవరి పన్నెండో తేదీన పక్కింటి సీబ్రాండ్ పెంచుకుంటున్న పొట్టి కాళ్ళ కుక్క ప్లోఫ్ పేరు రాసింది. అది ఆమెను చూసి ఎప్పుడూ నవ్వలేదు.

పంతొమ్మిదో తేదీ దగ్గర పెన్ను ఆగింది. అక్కడ ఉండాల్సింది అలైదా. హెర్మీనా కిటికీలోంచి, వీధిలో తడిసి పడున్న బాణసంచా కాగితాల వంక కాసేపు చూసింది. తరవాత ఆ గీత ఖాళీగా వదిలేసి కింది తేదీకి దిగింది. చెయ్యి తేలికైనట్టు అనిపించింది. తరవాత్తరవాత ఆ తేలికను తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది.

పని ముగించి, కొత్త క్యాలెండరును పాతది ఉన్న మేకుకే తగిలించింది. ఆ మేకు ఈ దేశంలో ఏ ఇంట్లోనైనా ఉండే చోటే ఉంది. కింది అంతస్తు టాయిలెట్లో, కూర్చుంటే కళ్ళకు ఎదురుగా. వంకర లేకుండా సరిచేసి, చేతులు దులుపుకుని, మధ్యాహ్నం వచ్చేవాళ్ళ కోసం కొత్త సంవత్సరపు తీపి బూరెలు, ఓలీబోలెన్ వేయించడానికి వెళ్ళింది.

మూడింటికి సీబ్రాండ్ వచ్చాడు. మూడుంబావుకు అలైదా వచ్చింది, ఎప్పటిలాగే యాపిల్ పెట్టి చేసిన మడత రొట్టెలు పట్టుకుని. నవంబరులో నవ్వించిన సంగతి ఆమెకసలు గుర్తే లేనట్టుంది. ముగ్గురూ బుగ్గల మీద మూడేసి ముద్దులు పెట్టుకుని శుభాకాంక్షలు చెప్పుకున్నారు. పంచదార పొడి చల్లుకుని ఒక్కో ఓలీబోల్ తిన్నాక సీబ్రాండ్ టాయిలెట్‌కు వెళ్ళాడు. వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చాడు.

“కొత్త క్యాలెండరా హెర్మీనా? నేనున్నాను! మా ప్లోఫ్ కూడా ఉంది!”

హెర్మీనాకు అప్పుడు వెలిగింది. ఈ ఊళ్ళో, ఈ దేశంలో, పరాయి ఇంటి టాయిలెట్లో కూర్చుని తన పేరు వెతుక్కోని మనిషి పుట్టలేదు. ఆమె కూడా అరవై ఏళ్ళుగా వెతుక్కుంటూనే ఉంది. అలాంటిది ఎవరెవరిని వదిలించుకుందో ఆ జాబితాను తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే వేలాడదీసి, పైగా వంకర సరిచేసి వచ్చింది.

“నేనూ ఓసారి వెళ్ళొస్తా” అంటూ అలైదా లేచింది.

“పైనున్నది వాడుకో అలైదా. కిందదాంట్లో నీళ్ళు సరిగ్గా రావట్లేదు.”

“భేషుగ్గా వస్తున్నాయే! నేనిప్పుడే కదా...” అన్నాడు సీబ్రాండ్.

అలైదా సంచిలోంచి చదివే కళ్ళద్దాలు తీసుకుని మరీ వెళ్ళింది. తలుపు గడియ పడింది. హెర్మీనా చెవులు రెండూ అక్కడే పెట్టుకుని కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక పేజీ తిప్పిన చప్పుడు. పొరపాటున ఇంకో నెలలో రాశారేమో అన్నట్టు, తరవాత పన్నెండూ తిప్పిన చప్పుడు.

తిరిగొచ్చి, “క్యాలెండరు బాగుంది” అంది అలైదా. ఇంకో ఓలీబోల్ తింది, ఒళ్ళోని పంచదార పొడి దులుపుకుంది, కోటు అందుకుంది. హెర్మీనా గుమ్మం దాకా వెంటపడింది.

“నీ తారీఖు నాకు కంఠతా వచ్చు అలైదా. అందుకని రాయలేదు.”

“అలాగా. ఎప్పుడేంటి?”

“పంతొమ్మిది.”

“హార్మ్‌ది?”

“మార్చి ఎనిమిది.”

“మరి అదీ కంఠతా వచ్చు కదా? అయినా రాసుకున్నావు.” అలైదా మెడ దాకా గుండీలు పెట్టుకుంది. “పన్నెండో తారీఖున కుక్కకి నా శుభాకాంక్షలు చెప్పు.”

ఆ తరవాత హెర్మీనా తనకు తాను చాలా మంచి మాటలు చెప్పుకుంది. అడిగింది బలమే కదా, ఇప్పుడొచ్చినట్టే కదా. తనను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి పోతే పోయింది. మూడు రోజులు ఇలా చెప్పుకుని, నాలుగో రోజు తలనొప్పి మాత్ర వేసుకుంది. కారులో కూర్చుని, నేర్చుకునేవాళ్ళను “అద్దం చూడు! వెనకెవరున్నారో చూడకుండా పక్కకు తిప్పేస్తావేం?” అని ఎప్పటి లాగే కేకలేస్తుంటే, ఆ కేక తనకే తగిలి ఊరుకునేది.

అన్నిటికంటే కష్టం ఇంకోటి. తను చేసిన ఈ వెధవపని మొదట్నించి చివరిదాకా చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలని ఉంది. అలా చెప్పుకోగలిగిన మనిషి ఈ భూమ్మీద అలైదా ఒక్కతే. ఫోను తీసి నాలుగు మాటలు రాసేది, చెరిపేది. దిగులు దిగులుగా ఉండేది. అలైదా లేకుండా అరవై నుంచి ఎనభై దాకా ఎలా గడుస్తుందో ఎంత ఆలోచించినా తోచలేదు.

పన్నెండో తారీఖు వచ్చింది. రాసుకున్నాక తప్పుతుందా? కుక్కకు కాలేయపు సాసేజీ కొనుక్కుని పక్కింటికి వెళ్ళింది. ప్లోఫ్ అది తినేసి, ఆమెకు వీపు పెట్టి పడుకుంది.

“పంతొమ్మిదిన వెళ్తున్నావా?” అని సీబ్రాండ్ అడిగాడు.

“పిలవలేదు.”

“పుట్టినరోజుకి పిలుపేంటి? ఎవరు గుర్తుంచుకుంటే వాళ్ళొస్తారు. ఇన్నేళ్ళూ నిన్నెప్పుడైనా పిలిచిందా?”

లేదు. నలభై ఏళ్ళలో ఒక్కసారీ పిలవలేదు, ఒక్కసారీ మానలేదు. ఈ సంగతి చెప్పడానికి సీబ్రాండ్ కావలసి వచ్చిందంటే తన తెలివి ఏ గంగలో కలిసిందోనని హెర్మీనా తనను తాను తిట్టుకుంది.

పంతొమ్మిదిన మధ్యాహ్నం పూలు పట్టుకుని అలైదా ఇంటి గంట కొట్టింది. మొహం చెల్లక తలుపు తెరుచుకునే లోపే పారిపోదామనుకుంది. అలైదా తెరిచింది, పూలు అందుకుంది, “కోటు అక్కడ తగిలించు” అని లోపలికెళ్ళిపోయింది. గుండ్రంగా వేసిన కుర్చీల్లో తొమ్మిది మంది ఉన్నారు. ఇక్కడి పద్ధతి ప్రకారం హెర్మీనా ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని “అలైదా పుట్టినరోజుకి మీకు శుభాకాంక్షలు” అంటూ చుట్టూ తిరిగింది. అలైదా భర్త గోస్సె దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆమె చెవి దగ్గరకు వంగాడు.

“ఇవాళ కేకు రెండో ముక్క మాత్రం అడక్కమ్మా.”

మొదటి ముక్క వచ్చినప్పుడు చూస్తే, అవతలి వైపు కనబడేంత పలచగా ఉంది. అలైదా అందరితోనూ మాట్లాడుతోంది, హెర్మీనా కుర్చీ వచ్చేసరికి చూపు దాటేస్తోంది. ఇక కూర్చోలేక హెర్మీనా టాయిలెట్‌కని లేచింది. వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎదురుగా క్యాలెండరు, పక్కన దారానికి కట్టిన పెన్ను. జనవరి నుంచి పేజీలు ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా తిప్పుతూ వెళ్ళింది.

నవంబరు ఇరవై మూడు. హెర్మీనా అని రాసుంది, నీలం సిరాతో కొట్టేసి ఉంది. దాని కింద మళ్ళీ హెర్మీనా, ఆకుపచ్చతో కొట్టేసి ఉంది. దాని కింద ఇంకో హెర్మీనా, ఎర్ర పెన్సిలు గీత. అన్నిటికీ కింద నాలుగో హెర్మీనా, దాని మీద కొత్తగా, లావుగా నల్ల గీత. దాని కింద ఇంకొక్క పేరు పట్టేంత చోటుంది. అక్కడ ఏమీ రాయలేదు.

తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడైంది.

“హెర్మీనా. ఎంతదాకా వచ్చావు?” అలైదా గొంతు.

“నవంబరు.”

హెర్మీనా ఆ గీతల మీద వేలు పెట్టింది.

“ఆకుపచ్చ గీత దేనికే?”

“మా అబ్బాయి డ్రైవింగ్ పరీక్షకి పనికిరాడన్నావు. నలుగురి ముందూ.”

“పనికిరాడుగా! ఆ వారమే కారు తీసుకెళ్ళి కాలవలో దించాడు.”

“అందుకే మళ్ళీ రాశాను.”

“ఎర్రది?”

“ఆ దిక్కుమాలిన యంత్రం నా చేత మూడంతస్తులు మోయించావు. నడుం పట్టేసి వారం లేవలేదు.”

“నీలం?”

“గుర్తులేదు. అప్పుడు మటుకు చచ్చినా నీ మొహం చూడకూడదనుకున్నా.”

హెర్మీనాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎదురెదురుగా అయితే ఈ జన్మలో అనలేని మాట, మధ్యలో తలుపుండబట్టి అనేసింది.

“అలైదా, నేను మర్చిపోలేదు. కావాలనే తీసేశాను. ఆ రోజు అందరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. తప్పు చేశాను. నువ్వు లేకపోతే నాకు తోచట్లేదు.”

“తెలుసు. తువ్వాళ్ళ మాట నేనూ అనకుండా ఉండాల్సింది. అని, ఇంటికొచ్చాక బాధపడ్డాను. చెప్పడానికే రొట్టెలు పట్టుకుని వచ్చాను. వస్తే కుక్క ఉంది, నేను లేను.”

హెర్మీనా దారానికి వేలాడుతున్న పెన్నును చేతిలోకి తీసుకుంది. ఖాళీ చోటులో తన పేరు తనే రాసేసుకుంటే ఒక పనైపోతుంది. కానీ ఇంకొకరి గోడ మీద పేరు తను రాసుకునేది కాదని ఆమెకు కూడా తెలుసు. పెన్ను వదిలేసింది.

“మరి ఈసారి మళ్ళీ రాయలేదేం?”

“నవంబరు రానీ. ప్రతిసారీ అప్పుడే రాశాను. ఇంక బయటికి రా, మా ఆడపడుచు ఇక్కడ ఒంటికాలి మీద నిలబడింది.”

జనవరి పంతొమ్మిది నుంచి నవంబరు ఇరవై మూడు దాకా, హెర్మీనా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పది నెలల పైమాటే. ఆమె ఏ నిర్ణయమూ ఇప్పటిదాకా పట్టుమని రెండు నెలలు బతికింది లేదు. ముక్కు తుడుచుకుని, పేజీలన్నీ వెనక్కి జనవరికి తిప్పి, “సరే, నవంబరు దాకా” అంటూ తలుపు తీసింది.