ఎరుపైతే తింటారు లాజరు మాస్టారు

పరీక్ష చెయ్యకుండా లాజరు మాస్టారు ఏదీ నోట్లో పెట్టరు. కొత్తపేటలో పెళ్లి భోజనానికి కూర్చుంటే అందరూ పచ్చడి అన్నంలో కలుపుకుంటారు, ఈయన గాజుగొట్టంలో కలుపుకుంటారు.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆ మహానుభావుడి జేబులో హైదరాబాదు స్నేహితుడు పంపిన ఎర్రటి మందొకటి ఉంటుంది. అందులో ఆప్టమర్ అని కంటికి కనపడని డి.ఎన్.ఎ. పోగు. తిండిలో బూజు విషముంటే ఆ పోగు పోయి దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు ఉప్పు చుక్క వేస్తే మందు నీలమవుతుంది. ఎరుపైతే తింటారు, నీలమైతే లేచిపోతారు. ‘నా ఆప్టమర్ తప్పు చెప్పదండి’ అంటూ సొంత వియ్యంకుడి విస్తరి ముందు నుంచే లేచిపోయారు.

పక్కింటి సూర్యకుమారికి ఈ పరీక్షలంటే ఒళ్లు మంట. ఆవిడ వేరుశనగ ఉండలు చేసి అమ్ముతుంది. 2009లో మొదటిసారి పెద్ద ఆర్డరొచ్చింది. ఆగస్టు పదిహేను పొద్దున్నే బడిపిల్లలకి నాలుగు వందల ఉండలివ్వాలి. పేరొస్తే ఏడాది పొడుగునా బడి పని తనదే. మాట పోతే మళ్లీ ఎవరూ పిలవరు.

ముందురోజు మాస్టారు గోడ మీంచి తొంగిచూశారు.

“ఒక ఉండ ఇస్తారాండీ?”

“తినడానికైతే ఇస్తానండి.”

“తినడానికేనండి. కాకపోతే ముందు...”

“ఆ ముందు సంగతే వద్దంటున్నానండి.”

అంటూనే ఇచ్చింది. మందు నీలం తిరిగింది.

“పప్పు తడిసిందాండీ?”

“కాస్త బూజు పట్టిందండి. దోరగా వేయించేను, పోయింది.”

“వేయిస్తే బూజు పోద్దండి, విషం పోదు.”

“పోనీ గేదెకి పెట్టెయ్యనా?”

“పాలల్లోకి వచ్చేస్తుందండి.”

సూర్యకుమారికి ఏడుపొచ్చింది. ఆయన్ని మనసులోనే నానా తిట్లూ తిట్టుకుంటూ నాలుగు వందల ఉండల్నీ గోతిలో పూడ్చింది. రావులపాలెం నుంచి మంచి పప్పు తెప్పించి, మళ్లీ పాకం పట్టి, ఎరుపు అనిపించుకునేసరికి జెండా వందనం అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఉండలు తీసుకెళ్లి హెడ్మాస్టరు గంగాధర్ గారి ముందు తల దించుకుని నిలబడింది.

“మీరేం చేస్తారండి,” అన్నారాయన. “లాజరు మాస్టారు పొద్దున్నే వచ్చి అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆయన మందు పాడైపోయిందంట, బంగారంలాంటి ఉండల్ని అన్యాయంగా పూడ్పించేరంట. ఊరంతా ఒకటే నవ్వు. ఇకనుంచి ప్రతి శనివారం మీ ఉండలేనండి.”

సూర్యకుమారి తిన్నగా మాస్టారి అరుగు దగ్గరికి వెళ్లింది.

“మందు బాగానే ఉంది కదండీ?”

“ఆయ్, నిక్షేపంలా ఉందండి.”

“మరంత అబద్ధమెందుకండీ? మీ ఆప్టమర్ పరువు గంగలో కలిసింది కదా.”

మాస్టారు గాజుగొట్టం తుడుచుకుంటూ అన్నారు.

“దానికి పోయేదేముందండీ? అదేమైనా ఈ ఊళ్లో ఉండలమ్ముకుని బతకాలా?”