ఎనిమిది పొట్టేళ్లు, ఒక ఎగిరే హీరో

ఆ రోజుల్లో షేరు ధర ఇప్పటిలా జేబులో ఉండేది కాదు. హోసూరు బస్టాండు దగ్గర, ఒక బేకరీ మేడ మీద ఉన్న చిన్న షేర్ బ్రోకరు ఆఫీసులో, గోడకు పెట్టిన టీవీలో ఉండేది. చూడాలంటే మెట్లెక్కాలి, చూశాక దిగాలి. రెండింటికీ నాకు భయమే. ఇప్పటి పిల్లలు మంచం మీద పడుకునే ధరలు చూసుకుంటుంటే వాళ్ల ధైర్యానికి ముచ్చటేస్తుంది. నేను పుట్టుకతోనే పిరికివాణ్ని. (అంత పిరికివాడివి షేర్ల జోలికి ఎందుకు పోయావని మీరు అడగవచ్చు. ఇరవై ఏళ్లుగా నేనూ అదే అడుగుతున్నాను.)

అప్పుడు నేను మూకండపల్లిలో గది అద్దెకు తీసుకుని, దగ్గర్లోని ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసేవాణ్ని. మా సూపర్‌వైజరుకు మేము పెట్టుకున్న పేరు పాయింటప్ప. మార్కెట్ ఎన్ని పాయింట్లు లేచింది, ఎన్ని పడింది అన్నది తప్ప ఆయన నోట వేరే మాట వచ్చేది కాదు. ఆయనే ఒకరోజు టీ తాగుతూ, బొంబాయిలో సినిమాలూ సీరియళ్లూ తీసే కంపెనీ ఒకటుందనీ, గాల్లో ఎగిరే హీరోతో అది తీసిన పెద్ద సినిమా నెలరోజుల్లో వస్తుందనీ చెప్పాడు. "షేరు కూడా ఎగురుతుందప్పా. కొనేసి సుమ్నే, ఊరికే కూసో, చాలు" అన్నాడు. నా దగ్గర అప్పుడు డబ్బుంది, కానీ అది నాది కాదు. ఉద్దనపల్లిలో ఉండే మా అమ్మ తన మందలోని ఎనిమిది పొట్టేళ్లను మా వైపు పోచంపల్లి సంతలో అమ్మి, బాగా పాలిచ్చే సీమావు కొనేదాకా బ్యాంకులో వేసి ఉంచమని నాకిచ్చింది. వేశాను. మూడో రోజే తీసి షేర్లు కొన్నాను.

ఆ క్షణం నుంచి భయం పట్టుకుంది. ధర పెరిగితే ఎప్పుడు పడుతుందోనని భయం, పడితే ఇంకెంత పడుతుందోనని భయం. కలలో హీరో మా అమ్మ పొట్టేళ్లను చంకలో పెట్టుకుని ఎగిరిపోయేవాడు. విడుదలకు వారం ముందు పాయింటప్ప "నావి అమ్మేసినానప్పా" అన్నాడు. సినిమానే రాలేదు, అప్పుడే అమ్మడమేమిటని నేను అమ్మకుండా ఉండిపోయాను. ఆ తర్వాత వారమంతా మెట్లెక్కే ధైర్యం కూడా చాల్లేదు.

సినిమా విడుదలైన శుక్రవారం పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే మా అమ్మ.

"ఆవును చూసినానురా. మంచి ఆవు. ఆదివారం లోపల దుడ్డు ఇయ్యాల. తీసుకొని పోదామని వచ్చినాను."

నిజం చెప్పలేక, బ్యాంకు మధ్యాహ్నం తెరుస్తారని అబద్ధమాడి, అంతవరకు కాలక్షేపానికని ఆమెను ఆ సినిమాకే తీసుకెళ్లాను. హాలు నిండింది. నేను తెర వైపు చూస్తే కదా, జనాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ చంటిపిల్ల ఏడ్చినా, ఎవరు సీట్లోంచి లేచినా నా గుండె జారేది. (లేచినవాళ్లు తిరిగొచ్చేదాకా లెక్కపెట్టేవాణ్ని. ఒకాయన రానే లేదు, ఆయన్ను నేనిప్పటికీ క్షమించలేదు.) హీరో మేడ మీంచి కిందపడ్డప్పుడు నాకు చెమటలు పట్టాయి. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"భయపడొద్దు నాయనా. వానికేమీ కాదు. ఇంకా సగం సినిమా ఉండాది."

హీరోకు నిజంగానే ఏమీ కాలేదు. జనం ఈలలు వేస్తూ బయటికొచ్చారు. అమ్మకు బేకరీలో ఒక బన్ను ఇప్పించి, గట్టెక్కామనుకుంటూ మెట్లెక్కాను. టీవీలో మా షేరు నేను కొన్న ధరలో సగానికి వచ్చింది. సినిమా బాగుంది కదా అని నేను గొణిగితే, ఆఫీసులో అతను జాలిగా చూశాడు. "బాగుంటుందని అందరికీ ముందే తెలుసప్పా. తెలిసినోళ్లంతా అమ్మేసి పోయినారు."

దిగి వచ్చి మా అమ్మకు అంతా చెప్పేశాను. ఆమె బన్ను పూర్తిగా తిని, నీళ్లు తాగి, నెమ్మదిగా అడిగింది.

"మారెమ్మ పండక్కి పొట్టేళ్లను మనము ఎప్పుడు అమ్ముతాము?"

"వారం ముందు."

"పండగ అయిపోయినాక ఎవరన్నా కొంటారా?"

"కొనరు."

"ఇంత తెలిసినోడివి, నాకు ఒక్క మాట చెప్పింటే ఏమిరా?"

షేర్లు అమ్మగా మిగిలిన డబ్బుతో ఆవు రాలేదు, పెయ్యదూడ వచ్చింది. అది ఎదిగి, ఈని, పాలిచ్చేసరికి రెండేళ్లు దాటింది. అన్నాళ్లూ నేను ఊరికి వెళ్లినప్పుడల్లా అమ్మ నా చేతికి పాలు లేని కాఫీ ఇచ్చేది. నేను చివరి చుక్కదాకా తాగేవాణ్ని.

ఇప్పుడామె లేదు. షేర్లు నా ఫోన్లోనే ఉన్నాయి, అమ్మేముందు అడగడానికి మాత్రం ఎవరూ లేరు. మొన్న మా అబ్బాయి అలాంటి ఎగిరే హీరో సినిమాకే తీసుకెళ్లాడు. అందులో నాకు దమ్మిడీ పెట్టుబడి లేదు. అయినా హీరో కిందపడగానే నా చెయ్యి దానంతటదే పక్క సీటు వైపు పోయింది.

"ఏం నాయనా, భయమా?" అన్నాడు వాడు నవ్వుతూ.

అవునన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. సినిమా ఇంకా సగం ఉంది.